శ్రుతికి వట్రసుడి వద్దు

సంపాదకులకు,

కచేరీ వార్తల్లో, బెజవాడ వీధుల్లోని ఫ్లెక్సీల మీద ‘శృతి’ అని కనిపిస్తోంది. అది తప్పు. శ్రవణం, శ్రోత పుట్టిన ‘శ్రు’ ధాతువు నుంచే శ్రుతి వచ్చింది. శ కింద రావత్తు, పక్కన కొమ్ము. స్మృతికి ‘స్మృ’, కృతికి ‘కృ’ ధాతువులు కాబట్టి వాటికి వట్రసుడి (ృ) సరైనదే. ఆ పోలికే ఇక్కడ మోసం చేస్తోంది.

వినికిడి అనేది మూలార్థం. గురుముఖతః విని నేర్చినది గనుక వేదమూ శ్రుతే. భరతుడి నాట్యశాస్త్రం సప్తకానికి, అంటే స నుంచి ని దాకా ఏడు స్వరాలకు, 22 శ్రుతులని చెప్పింది. అక్కడ అది సూక్ష్మ స్వరాంతరం, అంటే స్వరాల మధ్య చిన్న ఎడం. నేటి కచేరీలో మాత్రం ఆధార షడ్జం, అంటే పాటంతటికీ ఆధారమైన ‘స’. ఒకటి శ్రుతి, ఒకటిన్నర, అయిదు అని గాయకులు చెప్పేది దీన్నే.

‘పై శ్రుతిలో పాడారు’ అని రాయడం ఇంకో పొరపాటు. పాట మంద్రం (కింది స్థాయి) నుంచి తారానికి (పై స్థాయికి) వెళితే మారేది స్థాయి. శ్రుతి కచేరీ మొదట్లో ఎంచుకున్నదే నిలుస్తుంది. మధ్యమ శ్రుతి కృతులకు మాత్రం తంబురలో పంచమం (ప) తీగను మధ్యమానికి (మ) దించి, ఆ మధ్యమాన్నే షడ్జంగా తీసుకుని పాడతారు. తంబురను వేడిలోంచి ఏసీ హాల్లోకి తెస్తే లోహపు తీగ బిగిసి శ్రుతి పెరుగుతుంది. కాసేపు ఆగి, ముందు బిరడాలతో, తర్వాత పూసలతో సన్నగా సరిచేయాలి. తీగకూ గుర్రానికీ మధ్య పెట్టే జీవా దారం పక్కకు జరిగితే శ్రుతి సరిగ్గానే ఉన్నా నాదంలో జుమ్మనే గుణం పోతుంది.

నాదం, స్వరం, స్థాయి శ్రుతికి చుట్టాలే గానీ పర్యాయపదాలు కావు. ‘శ్రుతి మించి రాగాన పడటం’ అనే జాతీయాన్ని కూడా దయచేసి వట్రసుడి లేకుండానే అచ్చు వేయండి.

– ఒక సంగీత ఉపాధ్యాయురాలు, విజయవాడ