పార్లర్‌లో సూది వేస్తే అడిగేవాళ్లెవరు?

సంపాదకుడు గారికి,

పెళ్లిళ్ల సీజన్‌లో ముఖానికి ఫిల్లర్ సూదులు వేయించుకునేవారి గురించి గత ఆదివారం జిల్లా పేజీలో మీరు వేసిన వార్త చదివాను. ఊరుకుందామని నాలుగు రోజులు చూశాను, మనసొప్పలేదు. అరగంటలో అయిపోతుందని, అదే రోజు ఆఫీసుకు పోవచ్చని రాశారు. సూది ఎవరి చేతిలో ఉండాలో మాత్రం ఒక్క ముక్క రాయలేదు.

పైగా బొటాక్స్, ఫిల్లర్ రెండూ కలిపేశారు. బొటాక్స్ కండరాన్ని కొన్ని నెలలు సడలించే మందు. ఫిల్లర్ చర్మం కింద నింపే జెల్. ఎక్కువగా వాడే హైలురోనిక్ యాసిడ్ జెల్ ఆరు నెలల నుంచి ఏడాదిన్నరలో మెల్లగా కరుగుతుంది. అది పొరపాటున రక్తనాళంలోకి పోతే నాళం మూసుకుపోయి అక్కడి చర్మం చచ్చిపోతుంది. ముక్కు మీద, కనుబొమల నడుమ వేస్తే ఇంకా ప్రమాదం, అక్కడి నాళాలు కంటి నాళాలతో కలుస్తాయి. అలా చూపు పోయినవాళ్లున్నారు. పోయిన చూపు తిరిగి రావడం చాలా అరుదు.

మా చెల్లె బిడ్డ పెళ్లికి పదిహేను రోజుల ముందు హనుమకొండలో ఒక పార్లర్‌లో పెదాలకు, ముక్కు పక్క గీతలకు వేయించుకుంది. వేసింది డాక్టర్ కాదు, మేకప్ చేసే అమ్మాయి. సూది దిగుతుండగానే పెదవి పైన తెల్లగా పాలిపోయింది, ఒకటే నొప్పి. వాపేలే, ఐస్ పెట్టుకోమన్నారు. తెల్లారేసరికి చెంప మీద వల పరిచినట్టు నీలి మచ్చలు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. చర్మ డాక్టర్ దగ్గరికి పరుగెత్తాం. ఏ జెల్ వేశారని ఆయన అడిగితే మాకు తెలియదు, డబ్బా చూపించలేదు, బిల్లు ఇవ్వలేదు. హైలురోనిక్ యాసిడ్ అయితేనే హైలురోనిడేస్ ఇంజెక్షన్‌కు కరుగుతుందట, సిలికాన్ అయితే కరగదట. అదృష్టం కొద్దీ కరిగింది. చిన్న మచ్చ మిగిలింది. ఆ పదిహేను రోజులు మా చెల్లె పడ్డ టెన్షన్ పగవాళ్లకు కూడా వద్దు.

ఫిర్యాదు చేద్దామని పోతే ఒక ఆఫీసులో బిల్లు తెమ్మన్నారు. ఇంకో ఆఫీసులో పార్లర్లు తమ కిందికి రావన్నారు. మరో చోట ట్రేడ్ లైసెన్స్ వరకే తమ పని అన్నారు. మూడు ఆఫీసులు తిరిగినా కాగితం తీసుకున్నవాళ్లు లేరు. రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, 5 లక్షల రూపాయల దాకా జరిమానా అని 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం చెబుతోంది. పల్లెలో ఆర్‌ఎంపీ సెలైన్ పెడితే తనిఖీకి వస్తారు. ఏసీ గదిలో ముఖానికి సూదులు పొడుస్తుంటే ఒక్కరూ తలుపు తట్టరు. కాజీపేట నుంచి హనుమకొండ చౌరస్తా దాకా ఈ పార్లర్ల ఫ్లెక్సీలే, ఆ దారిన పోయే అధికారులకు కనబడవా? మూడు రోజుల కోర్సు చేసి గోడకు సర్టిఫికెట్ తగిలించుకుంటే డాక్టర్ అయిపోతారా?

వైద్య ఆరోగ్య శాఖ వాళ్లు వెంటనే ఈ పార్లర్లన్నీ తిరిగి చూడాలి. మీరు కూడా ఆడపిల్లలకు పనికొచ్చే మాట రాయండి: సూది వేసేవాళ్ల రిజిస్ట్రేషన్ నంబర్ అడగాలి, డబ్బా కళ్లముందే తెరిపించాలి, బ్యాచ్ నంబర్ స్టిక్కర్ తీసుకోవాలి, కరిగించే మందు దగ్గర లేని చోట కూర్చోవద్దు. ఆ వార్త వేసిన చోటే, అంతే పెద్ద అక్షరాలతో వేయండి.

– ఒక పాఠకురాలు, నయీంనగర్, హనుమకొండ