ఫస్టియర్ అయ్యాక బ్రాంచి మార్చుకోనివ్వండి

సంపాదకుల గారికి నమస్కారం.

ప్రతి వేసవిలో ఇంజనీరింగ్ సీట్లిచ్చే ఎప్‌సెట్ కౌన్సెలింగ్ గురించి పేపర్లలో పేజీలకు పేజీలు వస్తాయి. ఏ ర్యాంకుకు ఏ కాలేజీ, ఏ బ్రాంచికి ఎంత గిరాకీ అన్నీ రాస్తారు. కానీ సీటు వచ్చి, క్లాసులు మొదలై, ఆరు నెలలు గడిచాక 'ఈ బ్రాంచి నా వల్ల కాదు' అని ఒక పిల్లవాడికి అర్థమైతే అప్పుడేం చేయాలో ఎవరూ రాయరు, ఎందుకంటే మన దగ్గర దానికి దారే లేదు. అడ్మిషన్ల ప్రక్రియ పూర్తయ్యాక బ్రాంచి మార్పిడి ఉండదని జేఎన్టీయూ హైదరాబాద్ బీటెక్ రెగ్యులేషన్లలో సూటిగా ఒక వాక్యం రాసి పెట్టారు. ఆ వాక్యం మార్చమని అడగడానికే ఈ ఉత్తరం.

నేను ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఫస్టియర్ వాళ్లకు మ్యాథ్స్ చెబుతాను. అన్ని బ్రాంచీల పిల్లలూ నా క్లాసుకు వస్తారు కాబట్టి ఎవరు ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో తొందరగానే తెలుస్తుంది. మెకానికల్‌లో చేరి రాత్రుళ్లు కూర్చుని సొంతంగా పైథాన్ నేర్చుకుంటున్న వాళ్లున్నారు. అంతకంటే ఎక్కువగా నన్ను బాధపెట్టేది కంప్యూటర్ సైన్స్‌లో, ఏఐ ఎంఎల్‌లో చేరి ప్రోగ్రామింగ్ ల్యాబ్ అంటేనే భయపడుతున్న పిల్లలు. ఇంట్లో అందరూ సీఎస్‌ఈ అన్నారు, వెబ్ ఆప్షన్లు నెట్ సెంటర్లో మామయ్యో అన్నయ్యో పెట్టాడు, మేనేజ్‌మెంట్ కోటా అయితే నాన్న అప్పు చేసి మరీ కట్టాడు, ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని ఇంట్లో చెప్పాలి మేడమ్ అంటారు. పదిహేడేళ్ల వయసులో, ఇంటర్ రెండేళ్లూ బిట్లు పెట్టడం తప్ప ఒక సర్క్యూట్ గానీ ఒక యంత్రం గానీ దగ్గర నుంచి చూడని పిల్లలకు ఏ బ్రాంచి సరిపోతుందో ముందే ఎలా తెలుస్తుంది? మనం పెద్దవాళ్లమైనా చెప్పలేం.

ఇంటర్నల్ స్లైడింగ్, అంటే అదే కాలేజీలో ఖాళీ ఉన్న వేరే బ్రాంచికి మారడం, ఉంది కదా అంటారు. ఉంది. పాతరోజుల్లో అది కాలేజీ స్థాయిలో జరిగేది, అలా మారిన వాళ్లు ఫీజు రీయింబర్స్‌మెంట్ పోగొట్టుకునేవాళ్లు. 2024 నుంచి తెలంగాణలో దాన్ని అడ్మిషన్లు నడిపే కన్వీనరే చేస్తున్నారు, రీయింబర్స్‌మెంట్ కూడా పోకుండా చూస్తున్నారు. చాలా మంచి నిర్ణయం, మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను. కానీ అది జరిగేది పుస్తకం తెరవకముందు! అప్పుడు ర్యాంకు చూసుకుని 'పెద్ద' బ్రాంచికి వెళ్లడమే తప్ప, చదివి చూసి నచ్చిన దానికి వెళ్లడం కుదరదు.

నిజానికి ఫస్టియర్ అయ్యాక మార్చడం చదువు పరంగా ఏమంత కష్టం కాదు. మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, సీ ప్రోగ్రామింగ్, ఇంజనీరింగ్ గ్రాఫిక్స్, ఇంగ్లిష్, బేసిక్ ఎలక్ట్రికల్ లాంటివి చాలావరకు అన్ని బ్రాంచీలకూ ఉమ్మడే, ఒకటి రెండు సబ్జెక్టుల తేడా ఉంటే సెకండియర్‌లో రాయించుకోవచ్చు. డిప్లొమా పిల్లలను ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా నేరుగా సెకండియర్‌లో చేర్చుకుంటున్నాం, వాళ్లు చక్కగా నెట్టుకొస్తున్నారు కూడా. మన దగ్గరే ఏడాది చదివి పాసైన విద్యార్థిని పక్క డిపార్ట్‌మెంట్‌లోకి ఎందుకు పంపకూడదో నాకు అర్థం కాదు.

మైనర్ డిగ్రీ, అంటే బీటెక్‌తో పాటే వేరే బ్రాంచి సబ్జెక్టులు కొన్ని, చేయమని కొందరు సలహా ఇస్తారు. దాదాపు 160 క్రెడిట్ల (సబ్జెక్టులకిచ్చే పాయింట్ల) బీటెక్ మీద అదనంగా 18 నుంచి 20 క్రెడిట్లు చదవాలి, దానికి మంచి సీజీపీఏ ఉండాలి. బాగా చదివే వాళ్లకు అది ఉపయోగమే. సొంత బ్రాంచి సబ్జెక్టుల్లోనే బ్యాక్‌లాగ్స్ పడుతున్న వాడికి ఇంకో బరువు ఎత్తుకోమని ఎలా చెబుతాం? ఇక మిగిలిన దారి మానేసి మళ్లీ ఎప్‌సెట్ రాయడం. ఏడాది పోతుంది, కట్టిన ఫీజు పోతుంది. పైగా మిగతా మూడేళ్ల ఫీజు కట్టి సర్టిఫికెట్లు తీసుకెళ్లమనే కాలేజీలు ఇప్పటికీ ఉన్నాయి. ఒరిజినల్స్ ఆపకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది, అయినా ఆ పిల్లవాడి తండ్రి ఆ కాగితం పట్టుకుని ఎవరితో కొట్లాడతాడు?

బొంబాయి ఐఐటీతో సహా కొన్ని ఐఐటీలే ఈ మధ్య బ్రాంచి మార్పు ఎత్తేశాయి కదా, మనకెందుకు అని అడిగేవాళ్లు ఉంటారు. వాళ్లు చెప్పిన కారణం నిజమే, ఫస్టియర్ అంతా మార్కుల కోసం పోటీపడి పిల్లలు టెన్షన్‌తో నలిగిపోయారు. అక్కడ అందరూ ఒకే రెండు మూడు బ్రాంచీల కోసం ఎగబడ్డారు. మన కాలేజీల్లో పరిస్థితి వేరు. బ్రాంచివారీ సీట్లపై ఉన్న పరిమితిని సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ 2024-25 నుంచి సడలించాక మంచి పేరున్న కాలేజీలు సీఎస్‌ఈ సెక్షన్లు పెంచుకుంటూ పోయాయి, చాలాచోట్ల సివిల్‌లో, మెకానికల్‌లో, ట్రిపుల్ ఈ (ఎలక్ట్రికల్)లో సీట్లు మిగిలిపోతున్నాయి. సీఎస్‌ఈ నుంచి ఇటు రావాలనుకునే పిల్లలకు ఆ ఖాళీల్లో ఈ రోజు కూడా చోటుంది. వాళ్లు వదిలిన సీట్లు అటు వెళ్లాలనుకునే వాళ్లకు వస్తాయి. అలాగని ఏ బ్రాంచీ ఖాళీ అయిపోకూడదు కాబట్టి, ఇంత శాతం కంటే తగ్గితే అక్కడి నుంచి ఎవరినీ వదలకూడదని ఒక హద్దు పెట్టుకోవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి, ఇది కాలేజీ యాజమాన్యాల చేతిలో పెట్టకూడదు. పెడితే మార్పుకు కూడా ఒక రేటు పలుకుతుంది. స్లైడింగ్ లాగే కన్వీనరే చేయాలి, ఖాళీలు ముందుగా వెబ్‌సైట్‌లో పెట్టాలి, ఫస్టియర్ సబ్జెక్టులన్నీ పాసైన ఎవరైనా దరఖాస్తు చేసుకోగలగాలి, రీయింబర్స్‌మెంట్ ఆగకూడదు. ఉన్నత విద్యామండలి, యూనివర్సిటీ కలిసి కూర్చుంటే ఈ ఏడాది ఫస్టియర్ రిజల్ట్స్ వచ్చి సెకండియర్ క్లాసులు మొదలయ్యేలోపే ఒక నోటిఫికేషన్ ఇవ్వొచ్చు.

ఇట్లు,
ఫస్టియర్ మ్యాథ్స్ చెప్పే ఒక లెక్చరర్,
హనుమకొండ