వేలానికి ముందు మట్టి పరీక్ష: నగరాభివృద్ధి శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం.

మూతపడ్డ మిల్లులు, ఫౌండ్రీలు, రసాయన కర్మాగారాల భూములను మళ్లీ నగరంలో కలపడానికి మీ శాఖ రూపొందిస్తున్న ముసాయిదాను మనసారా ఆహ్వానిస్తున్నాం. మట్టి, నీరు, కట్టడాలు, నగర ప్రణాళిక రంగాల్లో పనిచేసేవాళ్లం కొందరం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. మా ఆందోళన పనుల వరస గురించే. నేలను పరీక్షించకముందే భూమిని వేలం వేస్తే, ఆ తర్వాత ఎంత మంచి ప్రణాళిక గీసినా అమలు కాదు. పాటలో ఎక్కువ ధర పెట్టినవారు ఆ డబ్బు రాబట్టుకోవాలంటే ఎత్తుగా కట్టాలి, త్వరగా కట్టాలి. శుద్ధికి పట్టే కాలం వారి లెక్కలో ఉండదు. పునాది తవ్వేటప్పుడు తారు గుంత బయటపడితే ఖర్చు ఎవరిదన్న తగువు కోర్టుకెక్కుతుంది, భూమి మళ్లీ ఏళ్ల తరబడి ముళ్లకంపలతో పడి ఉంటుంది.

శుద్ధి చేయకుండా చేతులు మారిన నేల ఎంత దూరం తీసుకెళ్తుందో అమెరికాలోని లవ్ కెనాల్ చూపించింది. రసాయన వ్యర్థాలు పూడ్చిన ఆ స్థలాన్ని 1953లో ఒక్క డాలరుకు పాఠశాల బోర్డుకు రాసిచ్చారు. అక్కడ బడి కట్టారు, చుట్టూ ఇళ్లు లేచాయి. 1978లో అత్యవసర పరిస్థితి ప్రకటించి కుటుంబాలను ఖాళీ చేయించాల్సి వచ్చింది. అక్కడ విషం ఉందన్న సంగతి దస్తావేజు రాసిననాడే తెలుసు. తెలిసినా కట్టడాలు ఆగలేదు.

ఏ పరిశ్రమ ఏమి వదిలిపోతుందో చాలావరకు ముందే చెప్పవచ్చు. బొగ్గు నుంచి గ్యాసు, కోక్ తీసిన చోట తారు, బెంజీన్, నీలిరంగు తేలిన సయనైడు మట్టి ఉంటాయి. తోళ్ల శుద్ధి జరిగిన చోట క్రోమియం, బ్యాటరీలు చేసిన చోట సీసం, పాత ట్రాన్స్‌ఫార్మర్లు నిలిపిన దిమ్మెల కింద పీసీబీలనే విష రసాయనాలున్న నూనె దొరుకుతాయి. లోహపు భాగాల జిడ్డు కడగడానికి వాడిన ట్రైక్లోరోఇథిలీన్ లాంటి ద్రావకాలు అన్నిటికంటే మొండివి. డీజిలు నీటి మీద తేలుతుంది, ఇవి నీటికంటే బరువు. భూగర్భ జలాన్ని దాటి కిందికి దిగి, బంకమట్టి పొర మీద గుంటలుగా నిలిచి, దశాబ్దాల పాటు నీటిలోకి కొద్దికొద్దిగా కరుగుతూనే ఉంటాయి. పైన మట్టి శుభ్రంగా కనిపించినా వాటి ఆవిరి గచ్చు పగుళ్లలోంచి ఇంట్లోకి వస్తుంది.

ఫ్యాక్టరీ నడిచిన కాలంకంటే మూతపడ్డాక వచ్చే మొదటి నెలల్లోనే కొన్నిచోట్ల ఎక్కువ నష్టం జరుగుతుంది. రాగి కోసం ట్రాన్స్‌ఫార్మర్లను కోసి నూనెను నేల మీద పారబోస్తారు, ట్యాంకులను ఖాళీ చేయకుండానే పెకలిస్తారు, ఆస్బెస్టాస్ రేకులను పైనుంచి విసిరి పగలగొడతారు. అందుకే తుక్కు అమ్మకానికి అనుమతి ఇచ్చేముందే ద్రవాలన్నీ తోడించి, ఎంత తోడారో, ఎక్కడికి పంపారో రాయించాలి. ఆ తర్వాతే గ్యాస్ కట్టరు లోపలికి వెళ్లాలి.

ఇక పరీక్ష. టెండరులో "మట్టి పరీక్షలు జరపాలి" అన్న ఒక్క వాక్యం రాస్తే పునాదుల కోసం నేల గట్టితనం చూసే పరీక్షతో సరిపెడతారు. కాలుష్యం వెతకడం వేరే పని. 50 మీటర్ల గడులు గీస్తే హెక్టారుకు పడేది 4 బిందువులే, 20 మీటర్ల వెడల్పున్న గుంత కూడా వాటి మధ్య తప్పిపోతుంది. 25 మీటర్ల గడులైతే 16 బిందువులు వస్తాయి. ట్యాంకులు, రంగుల హౌజులు, కాలువల మలుపులు ఉన్నచోట 10 మీటర్లకు ఒకటి వేయాలి. ప్రతి బోరులోనూ పై అర మీటరు, ఒక మీటరు, రెండు మీటర్ల లోతుల్లో, ఆపైన పోసిన మట్టి అయిపోయి అసలు నేల తగిలేదాకా నమూనాలు తీయాలి. పాత ఫ్యాక్టరీలను తరచూ బూడిద, చిట్టెం పోసి ఎత్తు చేసిన నేల మీదే కట్టారు, ఆ పోసిన పొరే తొలి అనుమానితురాలు.

ఖర్చు తగ్గుతుందని ఐదు చోట్ల మట్టిని కలిపి ఒకే పరీక్ష చేయడాన్ని దయచేసి నిషేధించండి. నాలుగు చోట్ల కిలోకు 20 మిల్లీగ్రాముల సీసం, ఐదో చోట 1,000 ఉందనుకోండి. కలిపితే 216 వస్తుంది. పిల్లలు ఆడుకోకూడని ఆ ఐదో చోటు నివేదికలోంచి మాయమవుతుంది. బెంజీన్ లాంటి ఆవిరయ్యే రసాయనాల నమూనాలను ప్లాస్టిక్ సంచిలో ఎండలో ఉంచితే ప్రయోగశాలకు చేరేసరికి అందులో ఏమీ మిగలదు. గాజు సీసాలో ఖాళీ లేకుండా నింపి, 4 డిగ్రీల చల్లదనంలో పంపాలి. నీటిని చూడటానికి కనీసం మూడు పరిశీలక బావులు కావాలి, అవి ఒకే గీతలో ఉండకూడదు. మూడు మట్టాలు తెలిస్తేనే నీరు ఎటు పారుతోందో లెక్క తేలుతుంది. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి కొలవాలి, ఎందుకంటే నీటి మట్టం లేచినప్పుడు ఎండాకాలం పొడిగా ఉన్న పొరలోని విషం కూడా కరిగి కదులుతుంది.

వాననీటి విషయంలో ఒక మంచి నియమమే ఇక్కడ ఎదురు తిరుగుతుంది. ప్రతి కొత్త స్థలంలో ఇంకుడు గుంతలు తప్పనిసరి చేస్తుంటాం. కలుషితమైన నేలలో ఇంకుడు గుంత తవ్వడమంటే మట్టిలో కదలకుండా ఉన్న విషాన్ని కడిగి భూగర్భ జలంలోకి పంపడమే. శుద్ధి పూర్తయినట్టు ధ్రువీకరించని చోట ఆ నియమం నుంచి మినహాయింపు ఇవ్వాలి. బదులుగా నీరు ఇంకని పొర పరిచిన కాలువల్లో, చెరువుల్లో వాననీటిని పట్టి నిలపాలి. ఒక హెక్టారు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 500 ఘనపు మీటర్ల నీరు వస్తుంది. ఎక్కువ భాగం కప్పులు, రోడ్లే అయితే అందులో సుమారు 400 పారుతుంది. ఆ నీటికి చోటు మొదటి పటంలోనే కేటాయించాలి, చివర్లో వెతికితే దొరకదు.

శుద్ధికి ఒకే మందు లేదు. అంతా తవ్వి లారీల్లో మరో చోటికి తరలిస్తే సమస్య ఆ ఊరివాళ్లకు చేరుతుంది. డీజిలు, నూనెలున్న మట్టిని కుప్పలుగా పోసి, గాలి, తేమ, పోషకాలు అందిస్తే సూక్ష్మజీవులు కొన్ని నెలల్లో చాలావరకు తినేస్తాయి. సీసాన్నీ, ఆర్సెనిక్‌నూ ఏ జీవీ నాశనం చేయలేదు. వాటిని సిమెంటుతో బంధించడమో, కప్పేయడమో, తీసేయడమో చేయాలి. పొద్దుతిరుగుడు, ఆవ మొక్కలు వేస్తే నేల శుభ్రమవుతుందని ప్రచారంలో ఉంది. లోహాలను అవి కొంత పీల్చే మాట నిజమే, కానీ ఏళ్లకేళ్లు పడుతుంది, వేళ్లు దిగే లోతు వరకే పనిచేస్తుంది, కోసిన మొక్క కూడా ప్రమాదకర వ్యర్థమే అవుతుంది. దాన్ని ప్రధాన పద్ధతిగా ఒప్పుకోవద్దు. కప్పేసే చోట 60 సెంటీమీటర్ల నుంచి మీటరు వరకు శుభ్రమైన మట్టి, దాని అడుగున రంగు వస్త్రపు పొర వేయాలి. ముప్పై ఏళ్ల తర్వాత పైపు కోసం తవ్వే కూలీకి ఆగమని చెప్పేది ఆ రంగే. అలాంటి చోట లోతు వేళ్ల చెట్లు నాటకూడదు, కూరగాయల మళ్లు ఎత్తు తొట్లలోనే ఉండాలి.

అన్ని చోట్లా ఒకే స్థాయి శుద్ధి అక్కరలేదు కూడా. జర్మనీలోని డూయిస్‌బుర్గ్‌లో 1985లో ఆగిపోయిన ఇనుము కర్మాగారాన్ని పార్కుగా మార్చినప్పుడు బ్లాస్ట్ ఫర్నేసులను, అంటే ఇనుము కరిగించే భారీ కొలిములను, కూల్చలేదు, కలుషిత మట్టి అంతటినీ తవ్విపోయనూ లేదు. వాననీటిని వేరుగా పట్టి శుభ్రమైన కాలువలోకి పారించారు. అది ఎంషర్ నది వెంబడి పాత పారిశ్రామిక ప్రాంతాన్ని బాగుచేసిన ఎంషర్ పార్క్ కార్యక్రమంలో భాగం. 1989 నుంచి 1999 వరకు 17 పట్టణాలు కలిసి నడిపిన పని అది. ఎంషర్ నది కథ ఇంకా చెప్పుకోదగ్గది. గనుల తవ్వకంతో నేల కుంగి భూగర్భ గొట్టాలు నిలవవు కాబట్టి నదినే తెరిచిన మురుగు కాలువగా చేశారు. తవ్వకాలు ఆగి నేల నిలకడగా మారాక 1992లో మొదలుపెట్టి, సుమారు 430 కిలోమీటర్ల గొట్టాలు వేసి, దాదాపు 550 కోట్ల యూరోలు ఖర్చుపెట్టి, 2021 చివరికి నదిలో మురుగు పడకుండా చేయగలిగారు. 30 ఏళ్ల పని. ఐదేళ్ల పదవీకాలంలో రిబ్బను కత్తిరించాలనుకుని ఉంటే అది మొదలయ్యేదే కాదు. అందుకే నిధిని ఏటేటి బడ్జెట్ దయకు వదలకుండా, ఎన్నికలతో మారని ప్రత్యేక సంస్థ చేతిలో పెట్టమని కోరుతున్నాం.

పాత షెడ్లను కూల్చే ముందు ఒక్కొక్కదాన్నీ పరీక్షించండి. మగ్గాల హాళ్ల అంతస్తులు ఇళ్లకు లెక్కించే చదరపు మీటరుకు 200 కిలోలకంటే చాలా ఎక్కువ బరువు మోసేలా కట్టినవి. కాంక్రీటులో చిన్న ముక్క కోసి ఫినాఫ్తలీన్ అనే రసాయన ద్రావణం చల్లితే బాగున్న భాగం గులాబీ రంగుకు తిరుగుతుంది. రంగు మారని లోతు లోపలి ఇనుప కడ్డీలను చేరిందంటే తుప్పు మొదలైందనో, మొదలవబోతోందనో అర్థం. ఇనుప స్తంభాలను సాధారణంగా పాదాల దగ్గరే తుప్పు తినేస్తుంది, అక్కడ గచ్చు పగలగొట్టి చూడాలి. గట్టిగా ఉన్నవన్నీ ఇళ్లుగా పనికిరావు. కిటికీ నుంచి ఆరేడు మీటర్లు దాటితే వెలుతురు అందదు, 40 మీటర్ల లోతైన హాలులో పడకగదులు చేస్తే అవి చీకటి గదులే. అలాంటివి చిన్న వర్క్‌షాపులకు, శిక్షణ కేంద్రాలకు, మార్కెట్లకు కేటాయిస్తే కట్టడమూ నిలుస్తుంది, చుట్టుపక్కల చేతిపని తెలిసినవాళ్లకు చోటూ దొరుకుతుంది.

భూమిని అమ్మకుండా దీర్ఘకాల లీజుకు ఇవ్వమని మా విజ్ఞప్తి. 20 హెక్టార్లను ఒకే ముక్కగా పాటకు పెడితే పాడగలిగేది ఇద్దరు ముగ్గురే. ముందు ప్రభుత్వమే వీధులు వేసి, అర హెక్టారు లోపు ప్లాట్లుగా విభజిస్తే సహకార సంఘాలు, చిన్న నిర్మాణదారులు కూడా ముందుకు రాగలరు. ఒకటి ఆగినా మిగతావి ఆగవు. ప్రహరీ గోడ ఒక్కటే తీసి ప్రతి 80 నుంచి 100 మీటర్లకు ఒక దారి తెరిచినా పక్క పేటలకు బడి, ఆసుపత్రి దగ్గరవుతాయి.

నిబంధనల్లో ఒక్క మాట మారితే ఏమవుతుందో ముంబై మిల్లు భూములు చెబుతున్నాయి. 1991 నిబంధన ప్రకారం మిల్లు భూమిలో మూడో వంతు బహిరంగ స్థలాలకు, మూడో వంతు ప్రజా గృహాలకు దక్కాలి. 2001 సవరణ ఆ పంపకాన్ని కట్టడాలు లేని ఖాళీ భూమికే పరిమితం చేసింది. మిల్లుల్లో ఎక్కువ జాగా షెడ్ల కిందే ఉండటంతో ప్రజల వాటా బాగా కుంచించుకుపోయింది. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. మీ ముసాయిదాలో "భూమి" అన్న మాటకు నిర్వచనం రాసేటప్పుడు కట్టడాల కింది నేల కూడా అందులో ఉందని స్పష్టంగా రాయించండి.

చివరిగా, ఆలస్యం చేస్తే పోయేది ఒకటుంది. ఏ గుంతలో మడ్డి పోశారో, ఏ గొట్టం పగిలి ఏళ్ల తరబడి కారిందో, ఏ షెడ్డు కింద పాత ట్యాంకు పూడ్చారో డ్రాయింగుల్లో ఉండదు. బాయిలరు దగ్గర, రంగుల విభాగంలో, స్టోర్సులో పనిచేసిన కార్మికులకు తెలుసు. వారిలో చాలామంది ఇప్పటికే పెద్దవాళ్లయ్యారు. పటం చేతికిచ్చి, వారితో కలిసి ఆ స్థలమంతా నడిచి, చెప్పిన ప్రతి చోటూ గుర్తుపెట్టించండి. దానికి రోజు కూలీ లెక్కన గౌరవంగా చెల్లించండి, చెప్పినందుకు ఎవరి మీదా కేసు రాదని రాతపూర్వకంగా హామీ ఇవ్వండి. తొలి బోర్లు అక్కడే పడాలి. ఈ ఒక్క పనికి కొత్త చట్టం అక్కరలేదు, మీ సంతకం చాలు. ఈ నెలలోనే మొదలుపెట్టించమని కోరుతున్నాం.

ఇట్లు,
మట్టి, నీరు, కట్టడాలు, నగర ప్రణాళిక రంగాల్లో పనిచేస్తున్న కొందరు ఇంజనీర్లు, ప్రణాళికాకర్తలు