పద్దెనిమిదేళ్లు నిండాక మా పిల్లలు ఎక్కడికి వెళ్లాలి, మంత్రి గారూ?

విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారం.

విజయవాడ సింగ్‌నగర్ నుంచి రాస్తున్నానండి. ముందు పింఛను సంగతి చెప్పేస్తాను. మూడు వేలున్నదాన్ని 2024లో ఆరు వేలు చేశారు, అస్సలు లేవలేని వాళ్లకైతే పదిహేను వేలు. ఆసరాగానే ఉంది, కాదనను. ఇప్పుడు నాకు కావలసింది, పొద్దున తొమ్మిదింటికి మా అబ్బాయిని నమ్మకంగా దింపి సాయంత్రం ఐదింటికి తెచ్చుకోగలిగే ఒక చోటు.

మా వాడికి 22 ఏళ్లు. బుద్ధిమాంద్యం, దానికి తోడు కుడి చెయ్యీ కాలూ స్వాధీనంలో ఉండవు. చిన్నప్పుడు భవిత కేంద్రానికి, అంటే ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే చోటికి, తీసుకెళ్లేదాన్ని, అక్కడి టీచరమ్మ చొక్కా బొత్తాలు పెట్టుకోవడం నేర్పింది, ఫిజియోథెరపీ చేయించేవాళ్లు, తోటి పిల్లల్ని చూస్తే వాడి మొహం వెలిగిపోయేది. 18 నిండాయి, అంతే, బడి లెక్కలోంచి పోయాడు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఉచిత విద్య 6 నుంచి 18 ఏళ్ల వరకే కదా. అప్పట్నుంచీ టీవీ ముందే. కాలు బిగుసుకుపోతోంది, బొత్తాలు మళ్లీ నేనే పెడుతున్నాను, ఏమన్నా అంటే కోపంతో గోడకేసి తల కొట్టుకుంటాడు. నేను టైలరింగ్ షాపులో పని మానేశాను.

అదే చట్టంలో 27వ సెక్షన్ పునరావాస సేవలు ప్రభుత్వం చూడాలంటుంది, 'ఆర్థిక స్తోమత మేరకు' అని తగిలించి మరీ. ఇక ఇలాంటి వైకల్యాలున్నవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన నేషనల్ ట్రస్ట్ వాళ్ల 'వికాస్' పథకం ఉంది, ఈమధ్య దాన్ని 'దిశ' అనే ఇంకో పథకంతో కలిపేశారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించి వైకల్యాలు ఉన్నవాళ్లలో పదేళ్లు దాటిన వాళ్లకు రోజుకు కనీసం ఆరు గంటల డే కేర్. చదివితే కడుపు నిండుతుంది. కానీ నడపాల్సింది ఆ ట్రస్టులో నమోదైన స్వచ్ఛంద సంస్థలు, అంటే ఏదో ఒక సంస్థ ముందుకొస్తేనే సెంటర్, రాకపోతే లేదు. అంగన్‌వాడీని ఎవరో దాత వస్తేనే పెడుతున్నామా? ఒక ప్రైవేటు సెంటర్‌లో అడిగితే బాత్రూంకి తనంతట తాను వెళ్లగలిగితేనే చేర్చుకుంటామన్నారు. అది చేతనైతే నేను వాళ్ల గడప ఎందుకు తొక్కుతాను?

డిసెంబర్ 3న, వికలాంగుల దినోత్సవం అని ట్రైసైకిళ్లు పంచి ఫోటోలు దిగుతారు, మంచిదే, మా వాడు మాత్రం ట్రైసైకిల్ తొక్కలేడు.

లెక్కలు లేవని మాత్రం అనకండి. డాక్టర్లు చూసి ఇచ్చే సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం ఏమిటో ఎంత శాతమో ఉంది, పింఛను జాబితా వార్డు సచివాలయంలో ఉంది, ఏ వార్డులో 18 దాటిన ఇలాంటి వాళ్లు ఎంతమందో ఒక్క పూటలో తేలిపోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి వరద ఇళ్లలోకి వచ్చినప్పుడు కూడా ఆ జాబితా చూసి ముందుగా మా తలుపు తట్టినవాళ్లు లేరు, పక్కింటి కుర్రాళ్లే వాణ్ణి మేడ మీదికి మోశారు.

వాడకుండా పడి ఉన్న ప్రభుత్వ భవనం ఒకటి చాలు, కింది అంతస్తే కావాలి. ఫిజియోథెరపిస్టు, స్పెషల్ టీచరు, బాత్రూంకి సాయం పట్టే ఆయాలు, మగ సహాయకులు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం వ్యాన్. బస్సు పాస్ ఉందండీ, కానీ మా ఆయన ఆటోనగర్‌లో పనికి పోతే నేనొక్కదాన్నే అంత మనిషిని సిటీ బస్సు మెట్లు ఎలా ఎక్కించను? వ్యాన్ లేకుండా సెంటర్ తెరిస్తే దగ్గర్లో ఉన్నవాళ్లూ కార్లున్నవాళ్లూ తప్ప ఎవరూ రారు, అప్పుడు 'జనం రావడం లేదు' అని మీరే మూసేస్తారు. వేళలు కూడా చూడండి, మధ్యాహ్నం రెండింటికి పంపించేస్తే ఏ తల్లీ ఉద్యోగం చేయలేదు.

ఈ పని కలెక్టర్ గారికి అప్పగించి, మొదటి సెంటర్ ఎప్పుడు తెరుస్తారో తేదీ చెప్పించండి.

ఇట్లు,
సింగ్‌నగర్ నుంచి ఒక తల్లి