మంద వెంట వచ్చిన కుక్కకూ మందు వేయండి

సంపాదకుడికి,

గొర్రెలకు నట్టల మందు తాగించే రోజున మా ఊళ్లో మందలన్నీ చెరువు గట్టుకు చేరతాయి. పశువైద్య సిబ్బంది ఒక్క గొర్రెనూ వదలరు. మంద వెంట వచ్చిన కుక్క మాత్రం పక్కన పడుకుని చూస్తూ ఉంటుంది. దాని జోలికి ఎవరూ పోరు.

నాలుగేళ్ల కిందట మా చిన్నాన్నకు ఆపరేషన్ చేసి కాలేయంలోంచి నీటితిత్తిని తీశారు. హైడాటిడ్ తిత్తి అన్నారు డాక్టరు. ఆయన మొదట అడిగింది, ఇంట్లో కుక్కలున్నాయా అని. నలభై ఏళ్లు గొర్రెలు కాసిన మనిషికి కుక్క లేకుండా ఎలా ఉంటుంది? ఎకినోకాకస్ అనే బద్దెపురుగు కుక్క పేగుల్లో ఉంటుందట. మహా అయితే 7 మిల్లీమీటర్లు. దాని గుడ్లు కుక్క మలంతో మేతలో పడి గొర్రె కడుపులోకి పోతాయి, కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో తిత్తులవుతాయి. ఆ కాలేయాన్ని పచ్చిగా తిన్న కుక్కలో మళ్లీ పురుగులు. కుక్కను నిమిరిన చేత్తోనే అన్నం తింటే మనకూ ఆ గుడ్లే. మాంసం వండుకుని తింటే రాదు, ఆ భయం అక్కరలేదు.

ఈ సంగతి సగం విని, రోగం తెచ్చేది తోడేళ్లేనని మా వైపు కొందరు మొదలుపెట్టారు. తోడేలు పేగుల్లోనూ ఈ పురుగు బతుకుతుంది, నిజమే. కానీ చచ్చిన గొర్రెను పూడ్చే ఓపిక లేక వంకలో పారేసేది ఎవరు? మూడు గొర్రెపిల్లలను తోడేలుకు పోగొట్టుకున్నవాడిని, దాన్ని వెనకేసుకు రావలసిన పని నాకు లేదు. అయినా ఈ కళేబరాలు దాని ముందు పడేసింది మనమే. వాటిలో విషం పెడదామనే వారికి ఒక మాట: 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద అది నేరం.

పశుసంవర్ధక శాఖను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. గొర్రెల మందుతో పాటే కుక్కలకు ప్రాజిక్వాంటెల్ మాత్రలు తెండి. ఒక్కసారి వేసి వదిలేస్తే చాలదు. కుక్క మళ్లీ తిత్తి తింటే సుమారు 45 రోజుల్లో పురుగు గుడ్లు విడవడం మొదలవుతుంది. మూడు నెలలకోసారైనా వేయాలి. మాత్ర పురుగును చంపుతుంది కానీ గుడ్లను చంపదు కాబట్టి, రెండు రోజులు కుక్కను కట్టేసి మలాన్ని పూడ్చమని కాపరులకు చెప్పాలి. ఆదివారం మాంసం అంగళ్ల దగ్గర పాడైన కాలేయం ముక్కలను వీధికుక్కలకు విసరకుండా గుంత తవ్వించే పని మునిసిపాలిటీది.

ఈసారి నా రెండు కుక్కలనూ తాడు కట్టి గట్టుకు తీసుకొస్తాను. మాత్రలు మీరు తెండి.

– ఒక గొర్రెల పెంపకందారు,
కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా