బండి పోయాక కూడా నాలుగు గంటలు మీ యాప్‌లో అది మా గేటు ముందే ఉంది

వాహన రక్షణ పరికరం అమ్మిన కంపెనీ కస్టమర్ కేర్ విభాగానికి,

విషయం: బండి దొంగతనం జరిగిన రాత్రి ఫోన్‌కి హెచ్చరిక రాకపోవడం, దానికి మీరిచ్చిన జవాబు

నమస్కారమండీ.

ఇప్పటికి నాలుగు సార్లు ఫోన్ చేశాను, రెండు మెయిళ్లు పెట్టాను, ప్రతిసారీ కొత్త మనిషి లైన్లోకి వచ్చి మొదట్నుంచీ చెప్పమంటున్నారు కాబట్టి అంతా ఒకేచోట రాస్తున్నాను. చివరిదాకా చదివాకే జవాబివ్వండి. "యాప్ అప్‌డేట్ చేసి చూడండి" అని మాత్రం మళ్లీ రాయకండి.

రెండేళ్ల క్రితం మీ పరికరం నా బైక్‌కి పెట్టించుకున్నాను. ఎవరైనా బండిని కదిపినా, ఇంజిన్ స్టార్ట్ చేసినా, బ్యాటరీ వైరు పీకినా వెంటనే ఫోన్ మోగుతుందని బిగించడానికి వచ్చిన మీ మనిషి చెప్పాడు, నా ఎదుటే బండిని ఊపి చూపించాడు, ఊపిన క్షణంలోనే మోగింది కూడా. ఆ నమ్మకంతోనే చక్రానికి వేసే గొలుసు తాళం మెల్లగా మానేశాను. ఈ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది, కానీ జరిగింది అదే.

బండి పోయిన రోజు పొద్దున 6:34కి లేచి ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు ఒకదాని వెనక ఒకటి రెండు నోటిఫికేషన్లు వచ్చాయి: 2:11కి కుదుపు, 2:13కి బండి కదలిక. బయటికి పరుగెత్తి చూస్తే బండి లేదు. యాప్ తెరిస్తే మ్యాప్‌లో బండి మా గేటు ముందే ఉంది, పక్కన పచ్చ చుక్క, దాని కింద "సురక్షితం" అని. బండి లేని చోట నిలబడి ఆ చుక్కని చూస్తూ, బహుశా ఇంట్లో వాళ్లెవరైనా పక్కకి జరిపారేమో అనుకుని పావుగంట వీధంతా వెతికాను. పోలీస్ స్టేషన్‌లో యాప్ చూపిస్తే అక్కడివాళ్లు అడిగిన మొదటి మాట, "ఇంటి దగ్గరే ఉన్నట్టు చూపిస్తోంది కదా?" అని. అది పాత లొకేషన్ అని వాళ్లకి అర్థమయ్యేలా చెప్పడానికి ఇంకాస్త టైమ్ పోయింది.

మూడు వారాలు అడగ్గా అడగ్గా మీరు పంపిన లాగ్, అంటే పరికరం ఎప్పుడెప్పుడు ఏ సందేశం పంపిందో ఉన్న రికార్డు, నా దగ్గరుంది. 2:14కి పరికరం నుంచి చివరి సందేశం, ఆ తర్వాత ఏమీ లేదు. బండి ఆగి ఉన్నప్పుడు కూడా పరికరం ప్రతి 5 నిమిషాలకి ఒక హార్ట్‌బీట్ పంపుతుందని, అంటే "నేను పనిచేస్తున్నాను" అని మీ సర్వర్‌కి, అంటే ఆ సందేశాలు అందుకునే మీ కంపెనీ కంప్యూటర్‌కి, చెప్పుకుంటుందని మీ మెయిల్లోనే ఉంది. 2:14 నుంచి 6:34 దాకా 4 గంటల 20 నిమిషాలు. 52 సార్లు రావాల్సిన సందేశం ఒక్కసారీ రాలేదు. మీ సర్వర్ ఆ 52 సార్లూ ఊరుకుంది, పైగా నాకు పచ్చ చుక్క చూపిస్తూనే ఉంది. నా ఫిర్యాదులో అసలు విషయం ఇదే.

దీనికి మీరు చెప్పిన కారణాలు రెండు. మొదటిది, నా ఫోన్‌లో బ్యాటరీ సేవింగ్ ఉండటం వల్ల నోటిఫికేషన్ ఆలస్యమైందని. వాడకుండా పక్కన పెట్టిన ఫోన్ మామూలు నోటిఫికేషన్లని ఆపి ఉంచడం కొత్త సంగతేం కాదు, ఆండ్రాయిడ్‌లో 2015 నుంచీ ఉన్నదే. అందుకే నిద్రపోతున్న ఫోన్‌ని కూడా లేపే హై ప్రయారిటీ సందేశం అనే ఏర్పాటు కూడా ఉంది. ఐఫోన్‌లోనైతే, సైలెంట్‌లో ఉన్నా మోగే క్రిటికల్ అలర్ట్‌లు 2018లో ఐఓఎస్ 12తో వచ్చాయి. దొంగతనం హెచ్చరికని ఆఫర్ల నోటిఫికేషన్‌తో సమానంగా పంపించి తప్పు ఫోన్‌ మీదకి తోస్తే ఎలా? అర్ధరాత్రి మనిషిని లేపేది మామూలు ఫోన్ కాల్. ఆ కాల్ చేసే వ్యవస్థ మీ దగ్గర లేదని కూడా అనలేరు, ఎందుకంటే చందా గడువు దగ్గర పడుతోందని గుర్తు చేయడానికి ఆటోమేటిక్ కాల్ నాకు మూడు సార్లు వచ్చింది.

రెండో కారణం, దొంగలు వైరు కోసి ఉండొచ్చు లేదా సిగ్నల్‌ని అడ్డుకునే జామర్ వాడి ఉండొచ్చు, అది కంపెనీ చేతుల్లో లేదని. జామర్ని ఆపడం మీ చేతుల్లో లేదు, ఒప్పుకుంటాను. జీపీఎస్ సిగ్నల్ సుమారు 20,000 కిలోమీటర్ల పైనుంచి వస్తుంది, భూమిని చేరేసరికి చాలా బలహీనంగా ఉంటుంది, దాన్ని చిన్న పరికరంతో కూడా మూసేయొచ్చు, మొబైల్ సిగ్నల్‌నీ అలాగే అడ్డుకోవచ్చు. కానీ దొంగ మూయించగలిగేది బండిలోని డబ్బానే కదా, మీ సర్వర్‌ని కాదు. డబ్బా మాట ఆగిపోయిందని సర్వర్‌కి తెలుస్తుంది. అదీ మామూలుగా ఆగిపోలేదు, కుదుపు, కదలిక, ఆ వెంటనే నిశ్శబ్దం, మూడు నిమిషాల్లో ఈ మూడూ వరసగా జరిగాయి. రాత్రి డ్యూటీలో ఉన్న కాపలాదారు "ఎవరో వచ్చారు" అని ఒక్క కేక వేసి ఆపై పలక్కపోతే, అంతా బాగానే ఉందని ఎవరైనా అనుకుంటారా?

సెల్లార్‌లో బండి పెడితే సిగ్నల్ పోతుంది, అలాంటప్పుడు కూడా కాల్స్ వస్తే కస్టమర్లు విసుక్కుంటారని మీ సూపర్‌వైజర్ గారు అన్నారు. నిజమే, అనవసరపు అలారాల బాధ నాకు తెలుసు. మొదటి నెలలో లారీ వెళ్లినా, సీటు మీదకి పిల్లి దూకినా ఫోన్ మోగేది, సెన్సార్ సున్నితత్వం తగ్గించుకోమని మీరే చెప్పారు. అయితే దానికి దారి లేకపోలేదు. కుదుపు ఒక్కటే అయితే నోటిఫికేషన్ చాలు. కుదుపు తర్వాత రెండు హార్ట్‌బీట్‌లు రాకపోతే కాల్ చేయండి. రోజూ సెల్లార్‌లో పెట్టేవాళ్లకి ఆ చోటు వరకు కాల్ వద్దనుకునే వీలివ్వండి. వద్దనుకునే నిర్ణయం బండి ఓనర్ తీసుకోవాలి, మీరు కాదు.

ఇంకో సంగతి. వైరు కోసినా పరికరం కాసేపు పనిచేయడానికి లోపల చిన్న బ్యాటరీ ఉంటుంది, పవర్ పోయిన సంగతి దానితోనే పంపాలి. నా లాగ్‌లో పవర్ కట్ సందేశమే లేదు. జామర్ వల్ల అది బయటికి రాలేదా, లోపలి బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయిందా? ఈ ప్రశ్నకి మీ దగ్గర సమాధానం లేదు, ఎందుకంటే ఈ రెండేళ్లలో దాన్ని ఒక్కసారి కూడా మీరు పరీక్షించలేదు, దాని పరిస్థితి యాప్‌లో ఎక్కడా కనిపించదు. యాప్ నుంచి ఇంజిన్ ఆపేసే బటన్ ఉందని బ్రోషర్‌లో పెద్దగా వేశారు. బండి పోయిందని తెలిసేసరికి పరికరమే ఆఫ్‌లైన్‌లో ఉంటే ఆ బటన్ దేనికి పనికొస్తుంది?

ఆ బండి నా పనికి ఆధారం. ఇప్పటికీ దొరకలేదు. ఇంత జరిగాక, పోయిన వారం నా ఖాతా నుంచి వచ్చే ఏడాది చందా ఆటోమేటిక్‌గా కట్ అయింది. దొంగతనం ఫిర్యాదు మీ రికార్డుల్లో ఉండగానే.

ఆ చందా మొత్తం, పరికరానికి కట్టిన డబ్బు వెనక్కి ఇవ్వండి. ఆ రాత్రి పరికరం ఏ టవర్ల పరిధిలో ఉందో ఆ వివరాలతో సహా పూర్తి లాగ్ పోలీసులకి నేరుగా పంపండి, ఎఫ్‌ఐఆర్ కాపీ ఈ లేఖకి జత చేశాను. సందేశాలు ఆగిపోయిన వెంటనే పచ్చ చుక్క తీసేసి, చివరిసారి ఎన్ని గంటలకి మాట్లాడిందో మ్యాప్ మీద పెద్ద అక్షరాల్లో చూపించండి. ఈ మార్పు ఎప్పటికి చేస్తారో తేదీతో చెప్పండి. అప్పటిదాకా, పరికరం ఆగిపోతే మీ నుంచి కాల్ రాదని మిగతా కస్టమర్లందరికీ మెసేజ్ పెట్టండి, కనీసం వాళ్లైనా గొలుసు తాళం వేసుకుంటారు.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కావాలి. రాకపోతే ఈ లేఖ, మీ లాగ్, ఆ రోజు పొద్దున తీసిన పచ్చ చుక్క స్క్రీన్‌షాట్ తీసుకుని వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను.

ఇట్లు,
రెండేళ్లుగా మీ చందాదారు