చిత్తూరులో సొంతిల్లు, తిరుపతిలో అద్దె

ఒరేయ్ మచ్చా,

చిత్తూరులో ఉండాలా, తిరుపతిలో ఉండాలా అని ఆదివారం ఫోన్లో నువ్వు అడిగినదానికి సరిగా జవాబు చెప్పలేకపోయాను. వెనకాల చిన్నోడి గోల, మధ్యలో గ్యాస్ సిలిండరు వచ్చింది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. కాస్త పెద్దదే అవుతుంది, నువ్వూ చెల్లెమ్మా ఇద్దరూ కలిసి చదవండి.

బెంగళూరు నుంచి కాపురం ఎత్తేసి ఇటు వచ్చేస్తున్నావంటే నాకు ఎంత సంతోషంగా ఉందో! కానీ ఒక మాటన్నావు చూడు, "చిత్తూరులో మా నాయన ఇంట్లో పైపోర్షన్ ఖాళీగానే ఉంది కదా, అక్కడే ఉండి వికృతమాలలో కంపెనీకి తిరుగుతా, అద్దె మిగులుతుంది" అని. అది విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఎందుకంటే అదే లెక్క నేనూ వేశాను. ఏడాదిన్నర పాటు చిత్తూరు నుంచి తిరుపతికి రోజూ తిరిగాను.

ముందు డబ్బు సంగతే చూద్దాం. చిత్తూరు నుంచి తిరుపతి 70 కిలోమీటర్లు. అక్కడి నుంచి రేణిగుంట దాటి వికృతమాల అంటే ఇంకో 20 వేసుకో. రానుపోను 180. నీ కారు లీటరుకు 15 ఇస్తుందనుకుంటే 12 లీటర్లు. పెట్రోలు లీటరు 100 ఎప్పుడో దాటింది, తక్కువలో తక్కువ రోజుకు 1,200. నెలకు 24 రోజులు వెళ్ళినా 28,800. టోలు, సర్వీసింగు, టైర్లు నేను కలపనే లేదు. ఆ డబ్బుతో తిరుపతిలో మంచి వీధిలో రెండు బెడ్‌రూముల ఇల్లు తీసుకుని, ఇంకా మిగిలినదాంతో పాప ఫీజు కొంత కట్టుకోవచ్చు. బస్సులో పోతానంటావేమో. చిత్తూరులో ఒకటి ఎక్కి, తిరుపతిలో దిగి, రేణిగుంట వైపు ఇంకొకటి పట్టుకుని, అక్కడ మళ్ళీ ఆటో. రైలు లైను కూడా చిత్తూరు, పాకాల, చంద్రగిరి, తిరుపతి, రేణిగుంట అని వరసగా ఉంది, చూడటానికి నీ కోసమే వేసినట్టు ఉంటుంది. కానీ మీ షిఫ్టు టైముకు, ఆ బండ్ల టైముకు పొత్తు కుదరాలి కదా.

డబ్బు ఎట్లాగో సర్దుకుంటాం రా. టైము సంగతే వేరు. నాకు ఆఫీసు తిరుపతిలోనే, అయినా ఇంటి గడప దాటిన దగ్గర నుంచి కుర్చీలో కూర్చునేదాకా రెండు గంటలు, సాయంత్రం మళ్ళీ రెండు గంటలు. 24 రోజులకు 96 గంటలు. అంటే నెలలో నాలుగు రోజులు, పగలూ రాత్రీ కలిపి, పూతలపట్టు రోడ్డు మీదే గడిచిపోయాయి. నీకైతే ఇంకా ఎక్కువ.

మా పెద్దది అప్పుడు మూడో తరగతి. రోజూ స్కూలు డైరీలో ఇంట్లోవాళ్ళ సంతకం పెట్టించుకుని పోవాలి. నేను వచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది, అది నిద్రపోయి ఉండేది. డైరీ తెరిచి నా దిండు మీద పెట్టి, పైన పెన్ను పెట్టి, సంతకం ఎక్కడ పెట్టాలో అక్కడ పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు వేసేది. నేను చూసి సంతకం పెట్టేవాణ్ణి, పొద్దున అది లేవకముందే బస్సు ఎక్కేసేవాణ్ణి. ఒక రోజు డైరీ దిండు మీద లేదు. బ్యాగులోంచి తీసి చూస్తే అప్పటికే సంతకం ఉంది. నా సంతకమే, కింద గీతతో సహా, కాకపోతే అక్షరాలు కాస్త గుండ్రంగా ఉన్నాయి. వెనక్కి తిప్పితే ఆ వారమంతా అట్లాగే ఉంది. ఆదివారం మెల్లగా అడిగితే భయపడలేదు, ఏడవలేదు. "నీకు లేటవుతుంది కదా నాయనా, నేనే పెట్టేస్తా ఉండా" అంది. ఆ రాత్రే మా ఆవిడకు, అదే మీ చెల్లెలికి చెప్పాను, ఇక్కడ ఉండేది లేదు అని.

ఆ తర్వాత కూడా గుడ్డెద్దు చేలో పడినట్టే చేశాం. ఇల్లు ముందు చూశాం, బడి తర్వాత చూశాం. చంద్రగిరిలో 7,500కు ఇల్లు దొరికింది, ముందు కొబ్బరి చెట్టు, మేడ ఎక్కితే కోట కొండ కనిపిస్తుంది, గాలీ వెలుతురూ బాగా ఉండేవి, ఇప్పటికీ ఆ ఇల్లంటే నాకు ఇష్టమే. కానీ పిల్లల బడి తిరుపతిలో. వ్యాను పొద్దున 7:10కే వచ్చేసేది. చిన్నోడు సగం ఇడ్లీ చేతిలో పట్టుకుని ఎక్కేవాడు, ఆ సగం సాయంత్రం బ్యాగు అడుగున ఎండిపోయి దొరికేది. తిరిగి వచ్చేసరికి ఒక్కోరోజు వ్యానులోనే నిద్రపోయి ఉంటే ఎత్తుకుని దించేవాళ్ళం. పెరటాసి నెలలో తమిళనాడు నుంచి పసుపు బట్టలు కట్టుకుని నడిచి వచ్చే భక్తులు, బ్రహ్మోత్సవాల బస్సులు, సెలవులొస్తే కార్లు. స్వామి దగ్గరికి వచ్చేవాళ్ళను ఏమీ అనలేం, ఊరు వాళ్ళ వల్లే బతుకుతోంది, కానీ వ్యాను ఆ రోజుల్లో ఎప్పుడు వస్తుందో చెప్పలేం. లెక్క చూస్తే అద్దె 7,500, ఇద్దరికీ వ్యాను 3,600, నా బండికి పెట్రోలు 2,500, మొత్తం 13,600. ఇప్పుడు తిరుపతిలో బైరాగిపట్టెడ పక్కన ఉన్న ఇంటికి అద్దె 13,500, పిల్లలు బడికి నడిచి పోతారు. నాలుగుంపావుకల్లా ఇంట్లో ఉంటారు. చిన్నోడు ఇడ్లీ కూర్చుని తింటాడు.

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే. ముందు బడి తేల్చుకో. తర్వాత ఆ బడికి పిల్లలు నడిచి పోయేంత దూరంలో, కుదరకపోతే పది పదిహేను నిమిషాల్లో చేరేంత దూరంలో ఇల్లు చూసుకో. నీ ఆఫీసు చివర్లో చూద్దాం. పెద్దవాళ్ళం మనం తిరగగలం, పిల్లలను తిప్పొద్దు.

బడి విషయంలో నీకు నాకంటే తొందర ఎక్కువ, అది నీకు తెలుసో లేదో. పాపకు ఇప్పుడు ఎనిమిదో తరగతి అయిపోవస్తోంది కదా. మన రాష్ట్రంలో ఇంజినీరింగుకో మెడిసిన్‌కో లోకల్ కోటాలో రావాలంటే సాధారణంగా చూసేది, ఇంటర్ రెండో ఏడుతో ముగిసేలా వరసగా 4 ఏళ్ళు ఇక్కడ చదివిందా అని. అంటే 9, 10, ఇంటర్ రెండేళ్ళు. ఈ జూన్‌లో తొమ్మిదిలో చేరితే ఆ నాలుగు సరిగ్గా సరిపోతాయి. "ఒక ఏడాది నేనొక్కణ్ణే వచ్చి రూములో ఉంటా, వాళ్ళు తర్వాత వస్తారు" అని చెల్లెమ్మతో అన్నావంట. వద్దు మచ్చా. ఆ ఒక్క ఏడాది పోతే మళ్ళీ వేరే రూల్సు, వేరే సర్టిఫికెట్లు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగాలి. చిత్తూరైనా తిరుపతైనా రెండూ ఎస్వీ యూనివర్సిటీ పరిధిలోవే, 2022లో జిల్లా వేరైనా ఆ విషయంలో తేడా లేదు.

పాప తెలుగు సంగతి కూడా ఆలోచించాలి. ఇంట్లో చక్కగా మాట్లాడుతుంది, కానీ రాయడం వేరు కదా. స్టేట్ సిలబస్ అయితే పదిలో తెలుగు 100 మార్కుల పేపరు. కన్నడ చదివిన పిల్ల కాబట్టి లిపి దగ్గరదగ్గరగానే ఉంటుంది, త్వరగా పట్టుకుంటుంది, నాకు ఆ నమ్మకం ఉంది. కానీ ఇప్పటి నుంచే రోజుకు ఒక పేజీ రాయించండి. సీబీఎస్ఈలోనే కొనసాగిస్తారా అన్నది చెల్లెమ్మ, పాప కూర్చుని తేల్చుకోవాల్సిన మాట, ముఖ్యంగా పాప. పెద్ద పిల్ల, దాన్ని అడగకుండా చేర్చొద్దు.

స్కూళ్ళకు పోయినప్పుడు ఏసీ గదులు, ర్యాంకుల ఫ్లెక్సీలు చూడొద్దు. ఇంటికి పంపే టైము ఎంతో అడుగు. తొమ్మిదో తరగతికే సాయంత్రం ఆరున్నర దాకా స్టడీ అవర్స్ పెట్టేవి ఉన్నాయి. ఆట స్థలం చూపించమను, కాగితం మీద కాదు, నడిచి పోయి చూడు. మేము చిన్నోణ్ణి మొదట చేర్చిన చోట గ్రౌండు ఉందన్నారు, తీరా చూస్తే అది బస్సులు ఆపే జాగా. కట్టిన అడ్మిషన్ ఫీజు తిరిగి రాలేదు. ఇంకోటి, పక్క రాష్ట్రం టీసీ కాబట్టి దాని మీద అక్కడి బీఈవో, అదే బ్లాక్ విద్యాధికారి సంతకం పెట్టించుకునే బయలుదేరు, స్టడీ సర్టిఫికెట్లు కూడా. లేకపోతే ఆ ఒక్క సంతకానికి మళ్ళీ పోయి రావాల్సి వస్తుంది. మనకు ఈ మధ్య జూన్ 12న బడులు తెరుస్తున్నారు, ఏప్రిల్‌కల్లా సీటు తేలిపోవాలి.

ఇల్లు సంగతి. నువ్వు పోయేది తూర్పుకు కాబట్టి కొర్లగుంట, కరకంబాడి రోడ్డు, రేణిగుంట రోడ్డు, తిరుచానూరు వైపు చూడు. పేరూరు, తుమ్మలగుంట వైపు ప్రశాంతంగా ఉంటుంది కానీ నువ్వు రోజూ ఊరంతా అడ్డంగా దాటాలి. గరుడ వారధి ఫ్లైఓవరు వచ్చాక కపిలతీర్థం నుంచి తిరుచానూరు వైపు పోవడం చాలా తేలికైంది, నిజమే, కానీ దాని మీదికి ఎక్కేదాకా, దిగినాక ఉండే రద్దీ అట్లాగే ఉంది. మీ కంపెనీ బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో హెచ్ఆర్ వాళ్ళను ఇప్పుడే అడుగు. ఆ స్టాపుల పట్టీ నాకు పంపితే దానికి దగ్గర్లో ఏ స్కూళ్ళున్నాయో నేను తిరిగి చూస్తాను.

ఇల్లు చూసేటప్పుడు రెండు విషయాలు మాత్రం మర్చిపోవద్దు. ఒకటి నీళ్ళు. ఊరికి కళ్యాణి డ్యాం నుంచి, తెలుగు గంగ నుంచి వస్తాయి, కానీ ఏ వీధికి ఎన్ని రోజులకు ఒకసారి వదులుతారో వీధిని బట్టి మారుతుంది. ఓనరు "నీళ్ళకేం ఢోకా లేదు, బోరుంది" అంటాడు. బాత్రూములో బకెట్టు అడుగు చూడు. తెల్లగా సున్నం పొర పట్టి ఉంటే ఆ బోరు నీళ్ళతోనే తల స్నానం, వంట, బట్టలు అని అర్థం. మేము చూసిన ఒక ఇంట్లో కొళాయి చివర గోరుతో గీకితే పెచ్చులు ఊడాయి, మీ చెల్లెలు అప్పుడే మెట్లు దిగేసింది. రెండోది వాన. శేషాచలం మీద గట్టిగా కురిస్తే ఆ నీళ్ళన్నీ ఊరి మీదికే దిగాలి. 2021 నవంబరులో చూశాం కదా, రాయలచెరువు తెగుతుందేమో అని ఊళ్ళు ఖాళీ చేయించారు, తిరుపతిలో వీధులకు వీధులు మునిగాయి. కాబట్టి ఓనరును కాదు, వీధి చివర చిల్లర అంగడి ఆయన్ను అడుగు, "అన్నా, ఆ వానలకు ఇక్కడ నీళ్ళు ఎంత దాకా వచ్చాయి?" అని. ఆయన చేత్తో షట్టరు మీద చూపిస్తాడు. అగ్రిమెంటు మామూలుగా 11 నెలలకే రాస్తారు. అందువల్ల మొదటి ఇల్లు నచ్చకపోతే మారొచ్చు, ఏదో శాశ్వతం అన్నట్టు టెన్షన్ పడొద్దు. కర్ణాటక రిజిస్ట్రేషన్ కారు తెస్తున్నావు కాబట్టి ఎన్ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్సు, అదొక ఖర్చు ముందే పక్కన పెట్టుకో.

చిత్తూరే మేలు అనిపించే సంగతులు లేకపోలేదు, దాచను. చెల్లెమ్మ నెలకు రెండుసార్లు బెంగళూరు ఆఫీసుకు పోవాలంటే చిత్తూరు నుంచే దగ్గర. అన్నిటికంటే పెద్దది, మీ నాయనకు షుగరు, అమ్మకు మోకాళ్ళు. వాళ్ళ కోసమే కదా నువ్వు అసలు వస్తున్నది. నేను చిత్తూరు వదిలిన రోజు మా అమ్మ గేటు పట్టుకుని నిలబడింది, ఏమీ అనలేదు. అది ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. కానీ ఒకటి చెప్తా విను, చిత్తూరులో ఉన్న ఆ ఏడాదిన్నరలో అమ్మతో కూర్చుని నేను మాట్లాడిన పూటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు శనివారం సాయంత్రం పోతాం, ఆదివారం రాత్రి వస్తాం, పిల్లలు అవ్వ పక్కన పడుకుంటారు. ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ అయినప్పటి నుంచి, అదే 2025 ఆగస్టు నుంచి, మా అమ్మే ఆధార్ కార్డు సంచిలో వేసుకుని పల్లెవెలుగో ఎక్స్‌ప్రెస్సో ఎక్కి చెప్పకుండా దిగుతోంది, చింతపండు, వేరుశనక్కాయలు మోసుకుని. మీ నాయనకు చెకప్పులకు కూడా తిరుపతిలో స్విమ్స్, రుయా ఆసుపత్రులు ఉన్నాయి, నువ్వు ఇక్కడుంటే ఆయన్ను పిలుచుకొచ్చి నాలుగు రోజులు పెట్టుకోవచ్చు. అందుకే ఇల్లు చూసేటప్పుడు కింద పోర్షనో, లిఫ్టు ఉన్నదో చూడు, అమ్మ మెట్లు ఎక్కలేదు.

ఇప్పుడు చేయాల్సింది చెప్తా. ఆదివారం వచ్చి ఇల్లు చూసి పోవద్దు, ఆదివారం రోడ్డు వేరు, సోమవారం రోడ్డు వేరు. వచ్చే ఆదివారం రాత్రికి మా ఇంటికి రండి, అందరూ. సోమవారం పొద్దున ఏడున్నరకు నా బండి మీద నువ్వూ నేనూ కొర్లగుంట నుంచి వికృతమాల దాకా పోయి చూద్దాం, టైము రాసుకుందాం. అదే టైములో మీ చెల్లెలు, చెల్లెమ్మ, పాప కలిసి మూడు స్కూళ్ళు చూసి వస్తారు, నేను ఇప్పటికే రెండింటికి ఫోన్ చేసి పెట్టాను. పాప తెలుగు నోటుబుక్కు ఒకటి తెమ్మను, మా పెద్దది చూస్తానంటోంది. టికెట్లు చేసుకున్నాక ఒక మెసేజ్ పెట్టు, బస్టాండుకు నేనే వస్తా.

నీ మచ్చా